శబ్దం తీసేసిన పాఠం

ప్రొజెక్టరు ఒకటి. స్పీకర్లు రెండు. ఇరవై అడుగుల తీగతో ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒకటి. తెల్ల దుప్పటి ఒకటి, దాన్ని కిటికీ ఊచలకు కట్టడానికి కొబ్బరితాడు ముక్కలు నాలుగు. పెన్‌డ్రైవులు రెండు, చాపలు ఆరు, హాజరు పుస్తకం ఒకటి. ఆడవాళ్లు ఇరవై ఇద్దరు. నేను.

ఇది ఇప్పుడు గుర్తు తెచ్చుకుని రాస్తున్న జాబితా కాదు. తొమ్మిదేళ్ల కిందట నా చేత్తో రాసి, ప్రొజెక్టరు పెట్టె మూత లోపల అతికించిన కాగితంలో ఉన్నది ఉన్నట్టు దించాను. కిందటి నెల కంచిలి మండలంలో ఒక ఊరి బడికి పెద్ద తెర బిగించడానికి వెళ్లి, నిచ్చెన కోసం పక్కనున్న అంగన్‌వాడీ గదిలోకి తొంగిచూస్తే, గోడ అరలో, పాడైపోయిన తూకం యంత్రం పక్కన ఆ పెట్టె ఉంది. మూత తీశాను. ప్రొజెక్టరు లేదు, స్పీకర్లు లేవు. కొబ్బరితాడు ముక్కలు మూడు, నా కాగితం మిగిలాయి. కాగితం అడుగున ఒక అంకె రాసి, కొట్టేసి, దాని పక్కన ఇంకో అంకె రాసి, దాన్నీ కొట్టేసి, మూడో అంకె రాసి ఉంది. ఆ అంకెల సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

బడిలో బిగించిన తెర మంచిదే. ఏ మాట మీద వేలు పెట్టినా పైకి చదివి వినిపిస్తుంది. పిల్లలు తాకుతున్నారు, అది చదువుతోంది, అందరూ సంతోషంగా ఉన్నారు. మా చిన్నమ్మ, అంటే అమ్మకు స్వయానా చెల్లెలు, ఆ ఊరి కోడలు, నన్ను అన్నానికి పిలవడానికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి కాసేపు చూసింది.

"దీని నోరు ముయ్యడానికి మీటుందేటి బావూ?" అని అడిగింది.

ఉందని చూపించాను.

"అయితే పర్నేదు," అని, అన్నం చల్లారిపోతోందని తొందరపెట్టింది.

హెడ్మాస్టరు నవ్వారు. పెద్దావిడకు చప్పుడు గిట్టడం లేదనుకున్నారు. చిన్నమ్మ అడిగింది చప్పుడు గురించి కాదు.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఒక సినిమా కావాలంటే పెన్‌డ్రైవు జేబులో వేసుకుని లాప్‌టాప్ ఉన్నవాళ్లింటికి వెళ్లేవాళ్లం, ఫైలు ఎక్కేలోపల వాళ్లింట్లో టీ తాగడం కూడా అయిపోయేది. మాది నందిగాం. టెక్కలిలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పూర్తిచేసి, ఆరు నెలలు ఖాళీగా తిరిగి, పెద్దవాళ్లకు చదువు నేర్పే ఒక చిన్న సంస్థలో, పలాసలో చేరాను. ఉద్యోగానికి వాళ్లు పెట్టిన పేరు పెద్దది గాని చేయవలసిన పని ఇంతే: వారంలో నాలుగు మధ్యాహ్నాలు చిన్నమ్మ వాళ్ల ఊళ్లో, రెండు మధ్యాహ్నాలు ఇచ్ఛాపురం దాటాక సముద్రం ఒడ్డునున్న డొంకూరులో ప్రొజెక్టరు పెట్టి పాఠాల వీడియోలు వేయడం, హాజరు రాయడం, నెలాఖరుకు నివేదిక పంపడం. పాఠం చెప్పేది వీడియోయే కాబట్టి టీచరు అక్కర్లేదన్నది సంస్థ వాళ్ల ఆలోచన. నాకూ అది సబబుగానే తోచింది. యంత్రానికి విసుగుండదు, మనిషిని బట్టి పాఠం మారదు, ఎన్నిసార్లు వేసినా అరిగిపోదు.

పాఠాలు మొత్తం నలభై. మొదటి ముప్ఫైలో అక్షరాలు, మాటలు, చిన్న వాక్యాలు. తర్వాతి పది పౌరశాస్త్రం: ఓటు, రేషన్ కార్డు, పంచాయతీ, గ్రామసభ, తీర్మానం వగైరా. ఒక్కో పాఠం నాలుగు నిమిషాలు. తెర మీద బొమ్మ వస్తుంది, దాని కింద అక్షరాలు వస్తాయి, వెనక నుంచి ఒక గొంతు వాటిని చదువుతుంది. మాకు తెర అంటే దుప్పటి. ఫ్యాను తిరిగితే దుప్పటి ఊగేది, దాంతో అక్షరాలూ ఊగేవి. ఫ్యాను కట్టేస్తే అక్షరాలు నిలకడగా ఉండేవి గాని మనుషులకు ఊపిరాడేది కాదు. ఓటింగు పెడితే ఇరవై ఇద్దరూ ఊగే అక్షరాలకే చేతులెత్తారు. పౌరశాస్త్రంలో మా మొదటి పాఠం అదే అనుకోవచ్చు.

చిన్నమ్మతో సహా వాళ్లందరిదీ తోటవీధి. ఊరికి కిలోమీటరున్నర ఎడంగా, జీడితోటల అవతల యాభై అరవై గడప ఉన్న వీధి. ఊరి చివర షెడ్డులో జీడిపిక్కలు కొట్టి, మూడింటికి పని దిగి, అటునుంచి అటే అంగన్‌వాడీ గదికి వచ్చేవారు. పిక్క పెంకులో ఉండే జిగట నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. ఏళ్ల తరబడి ఆ పని చేసిన బొటనవేళ్ల మీద గీతలు మిగలవు. రేషన్ దగ్గర వేలిముద్ర యంత్రం వాళ్లను ఒకటికి నాలుగుసార్లు కాదనేది, పౌడరు రాసుకుని మళ్లీ పెట్టేవాళ్లు. సంతకం నేర్చుకోవాలని వాళ్లు రావడానికి అదొక కారణం. ముద్ర పడని వేలు ఉండి ఏం లాభం అన్నారు.

మొదటిరోజు గొంతు వినగానే చిన్నమ్మ తోడికోడలు పక్కనున్నవాళ్లను పొడిచింది.

"ఓలమ్మ, ఎవులే ఈయన, కలెక్టరు మాటాడినట్టు మాటాడతన్నాడు?"

"అన్నం తిననేదేమో, గొంతులో ఓపిక నేదు."

"తిన్నాడే. ఎండుసేపల పులుసు తిననేదు, అదీ సంగతి."

ఎవరన్నా నవ్వితే నేను వీడియో ఆపి మొదటినుంచి వేసేవాణ్ని. అలా ఒక్కో పాఠం నాలుగైదుసార్లు పడేది. పది రోజులకు గొంతు కంటే ముందే వాళ్లు పాఠం చెప్పేసేవారు. అది చదువు అనుకున్నాను.

వాళ్లు రావడానికి రెండో కారణం నీళ్లు. మా ఉద్దానం ప్రాంతంలో నీళ్ల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కిడ్నీలు పోవడానికి కారణం బోరు నీళ్లేనని ఊళ్లో అందరూ అంటారు, అవునని గాని కాదని గాని చివరిదాకా తేల్చి చెప్పినవాళ్లు మాకెవరూ తారసపడలేదు. మా చిన్నాన్న అప్పటికే వారానికి రెండుసార్లు పలాస వెళ్లి రక్తం శుద్ధి చేయించుకుంటున్నాడు. క్యాన్ల ఆటో వస్తే మంచినీళ్లు, రాకపోతే బోరు. ఆ పంచాయతీకి నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు ఒకటి రాబోతోందని, దాన్ని ఎక్కడ పెట్టాలో గ్రామసభ తీర్మానం చేయాలని తెలిసింది. ఊళ్లో పెడతారా, తోటవీధిలో పెడతారా అన్నది ఆ రోజుల్లో వాళ్లకున్న ఒకే ప్రశ్న.

అందుకని నేనొక మార్పు చేశాను. ముప్ఫై నాలుగో పాఠంలో నమూనా తీర్మానం రోడ్డు గురించి ఉండేది. దాన్ని తీసేసి, నీళ్ల ప్లాంటు గురించి కొత్త తీర్మానం రాసి, అక్షరాలు టైపు చేసి, చిన్నమ్మ వాళ్ల జీడితోటలో కూర్చుని నా గొంతుతోనే చదివి రికార్డు చేశాను. "తాగునీటి సౌకర్యం లేనందున మా వీధిలోనే నీటిశుద్ధి కేంద్రం ఏర్పాటు చేయాలని ఈ గ్రామసభ ఏకగ్రీవంగా తీర్మానించడమైనది." ఏకగ్రీవంగా అన్నచోట నాలుక మడతపడి, ఒక క్షణం ఆగి మళ్లీ అందుకున్నాను. రెండోసారి రికార్డు చేద్దామంటే ఫోనులో చార్జింగు లేదు, అలాగే ఉంచేశాను. పాఠం వాళ్ల బతుక్కి దగ్గరగా ఉంటే త్వరగా వస్తుందని నా నమ్మకం. నిజంగానే త్వరగా వచ్చింది. రెండు రోజుల్లో వీధంతా ఆ వాక్యం చెప్పేవాళ్లే.

నలభై పాఠాలూ అయ్యాక పరీక్ష పెట్టాను. పాఠాల్లోని తెరలే, అదే వరసలో వేసి చదవమన్నాను. ఇరవై ఇద్దరూ చదివారు. పెట్టె మూతలోని కాగితం అడుగున "చదవగలిగినవారు: 22" అని రాశాను. నివేదికలోనూ అదే వేశాను. పలాస ఆఫీసులో చదివి వినిపించి, చప్పట్లు కొట్టారట.

ఆ నివేదికలో ఒక లోపం కూడా రాశాను. డొంకూరులో ఉప్పుగాలికి, అక్కడే ఉంచిన వేరే స్పీకర్లు రెండూ తుప్పు పట్టి, చివరి రెండు నెలలూ అక్కడ పాఠాలు శబ్దం లేకుండానే నడిచాయి. అక్కడ ఇళ్లలో సగం ఒడియా, సగం తెలుగు. బొమ్మ చూసి ఒకరు ఒక మాట అంటే, కాదని ఇంకొకరు, అక్షరాలు చూపించి తగువుపడేవారు. పాఠానికి గంట పట్టేది. "శబ్ద పరికరం మరమ్మతు చేయవలెను, పురోగతి మందకొడిగా ఉన్నది" అని రాశాను.

గ్రామసభ పంచాయతీ ఆఫీసు వరండాలో జరిగింది. తోటవీధి నుంచి ఇరవై ఇద్దరూ వచ్చారు. నేను నివేదికకు పనికొస్తుందని వెనక నిలబడి ఫోనులో వీడియో తీస్తున్నాను. సర్పంచి గారు కుర్చీలో ఉన్నారు, మాట్లాడుతున్నది వారి భర్త. కార్యదర్శి కొత్తవాడు, తీర్మానం రాసి పుస్తకం బల్ల మీద పెట్టి, ఫోను వస్తే మెట్లు దిగి వెళ్లాడు. ఇంతకు ముందయితే పుస్తకం చేతులు మారేది, ఇంకు డబ్బా దాని వెనకాలే వెళ్లేది, చదివేవాళ్లెవరూ ఉండేవాళ్లు కాదు. ఆ రోజు మా వీడియో నేర్పినట్టే చిన్నమ్మ లేచి, సంతకాలకు ముందు తీర్మానం చదివి వినిపించాలి అంది.

సర్పంచి గారి భర్త నవ్వి పుస్తకం ఆమె ముందుకు తోశాడు. "మరింకేటత్తా, ఇప్పుడు మీవోళ్లంతా సదువుకున్నోళ్లేనాయె. నువ్వే సదివీ."

చిన్నమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని పుస్తకం అందుకుంది. వేలు పెట్టి మొదటి మాట చదివింది, తాగునీటి. తర్వాత ఎక్కడా తడబడకుండా, వేలు వరసగా జరుపుతూ, మా వీధిలోనే నీటిశుద్ధి కేంద్రం ఏర్పాటు చేయాలని చదివేసింది. తోడికోడలు చప్పట్లు కొట్టింది. ఇరవై ఇద్దరూ వరసలో వచ్చి సంతకాలు చేశారు. ఒక్క ముద్ర లేదు. సర్పంచి గారి భర్త ఆ పేజీ వంక ఒకసారి, చిన్నమ్మ వంక ఒకసారి చూసి పుస్తకం మూసేశాడు. అది కూడా నా వీడియోలో ఉంది. అప్పుడు నేను గమనించలేదు.

మూడు నెలలకు ఊళ్లో, బడి పక్కన పునాది తవ్వారు. తోటవీధి వాళ్లు పంచాయతీ ఆఫీసుకు వెళ్లారు, నేనూ వెళ్లాను. కార్యదర్శి పుస్తకం తీసి చదివాడు. తాగునీటి అవసరాల నిమిత్తం పాఠశాల పక్కనున్న ఖాళీ స్థలంలో ప్లాంటు కట్టాలని ఉంది. కింద ఇరవై రెండు సంతకాలు, వరసగా, శ్రద్ధగా, కొన్ని పేజీ గీత దాటి.

"నానేటన్నాను? సదవమన్నాను. ఈ అత్తే సదివింది, మీరంతా ఇన్నారు," అన్నాడు సర్పంచి గారి భర్త.

తోడికోడలు అన్నమాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "ఏలిముద్రయితే తెలీక ఏసీసినామని అనుందుము. సంతకమెట్టీసి తెలీదంటే నవ్వరేటి?"

బయటికొచ్చాక ఆమె కోపం ఆఫీసు మీద నుంచి చిన్నమ్మ మీదికి మళ్లింది. "నిజం సెప్పే, ఆళ్లకాడ ఏటి తిన్నావు? ఏటీ తినకుండా రాయనిది రాసినట్టు ఎలగ సదివినావు?"

ఆ వీధిలో మాట పడటం అంటే పొద్దుట బోరు దగ్గర బిందె పెట్టుకోవడానికి జాగా లేకపోవడం, షెడ్డులో పక్కన కూర్చునేవాళ్లు ఇంకో వరసకు జరిగిపోవడం. నెల రోజులు అలా జరిగింది. మళ్లీ మొదటినుంచి వేస్తున్న పాఠాలకు ఎవరూ రాలేదు. ఒక మధ్యాహ్నం చిన్నమ్మ ఒక్కతే వచ్చి చాప మీద కూర్చుంది.

"నాను సదివాను బావూ. ఈ కళ్లతో సూసే సదివాను. నాకాడ అబద్ధం నేదు. మరి అచ్చరాలు మారిపోనాయేటి?"

ఆ సాయంత్రం పలాస బస్సులో కూర్చుని గ్రామసభ వీడియో చూశాను. మూడోసారి చూస్తున్నప్పుడు విన్నాను. ఏకగ్రీవంగా అన్నచోట చిన్నమ్మ ఆగింది. ఒక క్షణం. మళ్లీ అందుకుంది. జీడితోటలో నేను ఆగిన చోటే, నేను ఆగినంతసేపే.

మర్నాడు ప్రొజెక్టరు పెట్టి, స్పీకర్ల తీగ పీకేసి, పాఠాల తెరలు వరస మార్చి వేశాను. పద్నాలుగో పాఠం తెర చూసి చిన్నమ్మ తొమ్మిదో పాఠం వాక్యం చెప్పింది, రెండిట్లోనూ ఆవు బొమ్మ ఉంది. తర్వాత వారం రోజులు ఇంటింటికీ వెళ్లి మిగిలినవాళ్లనూ అలాగే అడిగాను. వాళ్లలో నలుగురే చదవగలిగారు. చిన్నమ్మతో కలిపి మిగిలిన పద్దెనిమిది మంది నలభై పాఠాల గొంతునూ మొదటి మాట నుంచి చివరి మాట వరకు బట్టీ పట్టారు, బొమ్మ కనిపిస్తే ఆ గొంతు వాళ్ల నోట వచ్చేస్తుంది, వచ్చింది కాబట్టి చదివామని మనస్ఫూర్తిగా నమ్మారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. పరీక్ష పెట్టినవాడు పాఠం వరసలోనే పరీక్ష పెట్టాడు. డొంకూరు వెళ్లి అదే విధంగా చూశాను. మందకొడి అని నేను రాసిన చోట, పదకొండు మందిలో ఎనిమిది మంది ఏ వరసలో వేసినా చదివారు. కాగితం మీద 22 కొట్టేసి 4 అని రాశాను. నివేదికకు సవరణ పంపాను. దానికి జవాబు రాలేదు.

చిన్నమ్మ మీద పడ్డ నింద తీయడం మిగిలింది. వీధిలో అందరినీ పిలిచి, దుప్పటి మీద ముందు ముప్ఫై నాలుగో పాఠం వేశాను, వెంటనే గ్రామసభలో చిన్నమ్మ చదువు వేశాను, మళ్లీ పాఠం, మళ్లీ చిన్నమ్మ. రెండు గొంతులూ ఒకేచోట ఆగాయి. మూడోసారికి ఎవరో కిసుక్కున నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. తప్పు నాది, పాఠం నాది, పరీక్ష నాది అని చెప్పాను. తోడికోడలు లేచి వెళ్లి చిన్నమ్మ పక్కన కూర్చుంది, అంతకుమించి క్షమాపణలాంటిదేమీ జరగలేదు. చిన్నమ్మ మాత్రం నవ్వలేదు.

"దొంగని కానన్నావు, బాగుంది. సదువురానిదాన్నని అందరికీ సూపించీసినావు," అంది వెళ్లేటప్పుడు నాతో.

నిజమే. మర్నాటినుంచి శబ్దం తీసేశాను.

శబ్దం లేని పాఠానికి అలవాటు పడటానికి వాళ్లకు మూడు వారాలు పట్టింది. ముందు కోపం వచ్చింది, తర్వాత నిద్ర వచ్చింది. అప్పుడు నేను వీడియోలను చెడగొట్టడం మొదలుపెట్టాను. కొబ్బరికాయ బొమ్మ పెట్టి కింద జీడిపిక్క అని రాశాను. నీళ్ల క్యాను బొమ్మ కింద నూనె డబ్బా అని రాశాను. అబద్ధం పట్టుకున్నవాళ్లు కేక వేయాలి. మొదటి అబద్ధాన్ని తోడికోడలు పట్టింది.

"అబద్ధం! ఇది కొబ్బరికాయి, అది కాదు రాసింది. ఓరి నీ దుంప తెగ, మేనత్త వరసదాన్ని, నాకే అబద్ధాలు సెప్తన్నావా?"

ఆవిడ నాకు ఏ వరస ప్రకారమూ మేనత్త కాదు. కానీ ఆ రోజునుంచి గది నిండిపోయేది. కొన్నాళ్లకు శబ్దం మళ్లీ పెట్టాను, ఈసారి గొంతు ఒకటి చెబుతుంది, అక్షరాలు ఇంకొకటి చెబుతాయి. గొంతు నాదే. నా గొంతు అబద్ధమాడుతుందని తెలిశాక వాళ్లు చెవులు నమ్మడం మానేసి కళ్లు పెట్టి చూసేవారు. "టీవీ బావు మళ్లీ బొంకీసినాడు" అని చెయ్యెత్తేవారు. తీర్మానాల పాఠానికి యాభై అబద్ధాలు తయారుచేశాను. వీధి పేరు మార్చి కొన్ని, అంకె మార్చి కొన్ని, ఖాళీ వదిలేసి కొన్ని. ఇంజినీరింగు పరిభాషలో దీన్ని లోపాలు పెట్టి పరీక్షించడం అంటారు. చిన్నమ్మ దాన్ని బొంకుల బడి అనేది. ఏడు నెలలు నడిచింది. చిన్నమ్మ అందరికంటే వెనకబడి ఉండేది. అంత బాగా బట్టీ పట్టిన మనిషికి, నోటికి వచ్చినదాన్ని ఆపుకుని అక్షరం వైపు చూడటం మిగతావాళ్లకంటే కష్టమయింది.

ఈలోగా ప్లాంటు ఊళ్లో మొదలయింది. పని దిగి వచ్చి, చిన్నమ్మ కిలోమీటరున్నర నడిచి చిన్నాన్నకు క్యాను నెత్తిన మోసుకొచ్చేది. మరుసటి ఏడాది ప్లాంటు నుంచి గొట్టం వేసి ఒక వీధికి కుళాయి ఇవ్వవచ్చని కబురు వచ్చింది. మళ్లీ గ్రామసభ, అదే వరండా, అదే బల్ల. ఈసారి కార్యదర్శి ఫోను జేబులో పెట్టుకుని కూర్చున్నాడు. సర్పంచి గారి భర్త పుస్తకం సంతకాలకు పంపబోతే చిన్నమ్మ లేచింది. వరండాలో నవ్వులు వినపడ్డాయి. "మళ్లీ మొదలా?" అన్నారెవరో.

ఆమె పుస్తకం తీసుకుని బల్ల మీద పరిచింది. వేలు మొదటి అక్షరం కింద పెట్టింది. ఈసారి వాక్యం రాలేదు. ఒక్కో అక్షరం వచ్చింది. గుణింతం దగ్గర ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ కూడబలుక్కుని, మాట అయ్యాక తలెత్తి అందరి వంక చూసి, తర్వాతి మాటకు వెళ్లేది. నా చేతిలో ఫోను ఉంది గాని వీడియో తీయలేదు, గడియారం చూశాను. ఐదు నిమిషాలకు మూడు వరసలు. వెనకవైపు మగవాళ్లు కదలడం మొదలుపెట్టారు.

"ఏటత్తా, పొద్దుగూకీదాకా ఇదేనా? కార్యదర్శిగారు సదివీత్తారు, ఇటియ్యి."

"నాను సదవాలి బావూ," అంది, తల ఎత్తకుండానే. "కిందటిసారి ఒకలి నోటితో సదివీసి సెడిపోనాం."

ఎనిమిదో నిమిషంలో ఆమె వేలు ఒకచోట ఆగిపోయింది. ముందుకూ పోలేదు, వెనక్కీ పోలేదు. మాట రావడం లేదని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. తోడికోడలు పక్కనుంచి అందించబోతే చెయ్యి అడ్డం పెట్టింది. తర్వాత పుస్తకం కార్యదర్శి వైపు తిప్పింది.

"వీధికి కుళాయి అన్నాడు. ఏ వీధికి? ఇక్కడేటీ నేదు. కాళీ ఒగ్గీసినారు."

వీధి పేరు ఉండాల్సిన చోట ఖాళీ ఉంది. తర్వాత నింపుదామనుకున్నానని కార్యదర్శి చెప్పాడు, బహుశా నిజమే అయి ఉంటుంది. చిన్నమ్మ కదల్లేదు. అతను కలం తీసి తోటవీధి అని రాశాడు. ఆమె ఆ మాటను కూడా అక్షరం అక్షరం చదివింది. అప్పుడు చివరిదాకా చదివి, సంతకం పెట్టి, పుస్తకం తోడికోడలికి ఇచ్చింది. ఆవిడ కూడా మొదటినుంచి చదువుతానని కూర్చుంది. సర్పంచి గారి భర్త టీ తెప్పించాడు.

కుళాయి ఆ వేసవిలో వచ్చింది. చిన్నాన్న ఆ నీళ్లు ఏడాదిన్నర తాగాడు. కాగితం మీద 4 కొట్టేసి 13 అని రాసింది ఆ నెలలోనే. తర్వాత సంస్థ ఆ పని మానుకుంది, నేను పలాసలోనే తెరలు బిగించే వ్యాపారంలో చేరాను, పెట్టె అక్కడే ఉండిపోయింది.

ఇప్పుడు తోటవీధిలో అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. చెప్పదలచుకున్నది మాటల్లో చెప్పి పంపుతారు, వచ్చినది విని ఊరుకుంటారు. పంచాయతీ నోటీసు ఫొటో తీసి ఫోనుకు చూపిస్తే అదే చదివి పెడుతుంది, స్పష్టంగా, తడబడకుండా, ఎక్కడా ఆగకుండా. అది ఉన్నదే చదువుతోందో లేదో చూడాలంటే మళ్లీ అక్షరం దగ్గరికే రావాలి, అంత తీరిక ఎవరికీ ఉన్నట్టు లేదు. నేను అమ్మేదీ అలాంటి యంత్రమే కాబట్టి దీని గురించి పెద్ద మాటలు చెప్పే హక్కు నాకు లేదు. ఒకప్పుడు ఒక పేరా కోసం వరండా నిండా మనుషులు పదిహేను నిమిషాలు ఆగి కూర్చున్నారని, ఆ పదిహేను నిమిషాల్లో ఒక కుళాయి ఈ వీధికి వచ్చిందని బడిలో పిల్లలకు చెబితే వాళ్లు మర్యాదగా విన్నారు.

ఆ రోజు అన్నం తిన్నాక చిన్నమ్మను వెంటబెట్టుకుని వీధిలో తిరిగాను. ఇరవై ఇద్దరిలో ముగ్గురు పోయారు, నలుగురు వేరే ఊళ్లకు వెళ్లిపోయారు, పదిహేను మంది ఉన్నారు. ఆ ఉదయం పేపరులోంచి, ఎవరూ చూడని ఒక చిన్న వార్త చింపి తీసుకెళ్లాను. ఫోన్లు పక్కన పెట్టించి, ఒక్కొక్కరికీ ఇచ్చి చదవమన్నాను. చిన్నమ్మ అందరికంటే ఆఖరున, అందరికంటే నెమ్మదిగా చదివింది. తర్వాత అంగన్‌వాడీ గదికి వెళ్లి, పెట్టె మూత తెరిచి, 13 కొట్టేసి రాశాను.

చదవగలిగినవారు: 9.